అన్నవాహికకు ఆపరేషన్ చేస్తే గుండె ఎందుకు లయ తప్పుతుంది?

ఆపరేషన్ అయి మూడో రోజు. అన్నవాహికలోని క్యాన్సర్ భాగం తీసేశామని, అంతా అనుకున్నట్టే జరిగిందని సర్జన్ చెప్పారు. రోగికి 68 ఏళ్లు. పగలు కుర్చీలో కూర్చున్నారు, నాలుగు మాటలు కూడా మాట్లాడారు. ఆ రాత్రి ఐసీయూ మానిటర్ మీద 88 దగ్గరున్న అంకె ఉన్నట్టుండి 146కి ఎగబాకింది. తర్వాత 129, మళ్లీ 152. ఒక్కచోట నిలవదు. తెల్లారాక డ్యూటీ డాక్టర్ బయటికొచ్చి, 'ఏఎఫ్ వచ్చింది, మందు మొదలుపెట్టాం' అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. బయట కూర్చున్నవాళ్లకు ఒకటే టెన్షన్: జబ్బు గొంతు కింద గొట్టంలో కదా, మధ్యలో గుండెకేమైంది?

ఈ రోగి ఊహించుకున్న మనిషే. కానీ ఈ ఆపరేషన్లు చేసే ఏ ఐసీయూలోనైనా తరచూ కనబడే రాత్రి ఇది. ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే. జవాబే ఒక్క ముక్కలో తేలదు.

## కర్ణిక ముడుచుకోకుండా వణికితే

గుండెలో నాలుగు గదులు. పై రెండూ కర్ణికలు, కింది రెండూ జఠరికలు. కుడి కర్ణిక పైభాగంలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంటుంది. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు అక్కడ కరెంటు పుట్టి కిందికి పాకుతుంది. ముందు కర్ణికలు ముడుచుకుని రక్తాన్ని కిందికి తోస్తాయి. ఆ వెంటనే జఠరికలు ముడుచుకుని ఒంటికంతా పంపుతాయి.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఈ వరస చెడుతుంది. ఆసుపత్రుల్లో అందరూ ఏఎఫ్ అనే అంటారు. కర్ణికల్లో నిమిషానికి 350 నుంచి 600 దాకా విద్యుత్ అలలు ఎటు పడితే అటు తిరుగుతుంటాయి. కర్ణిక ముడుచుకోవడం మానేసి వణుకుతుంది. ఆ అలలన్నీ జఠరికల్లోకి దిగితే ప్రాణమే దక్కదు. మధ్యలో ఉండే ఏవీ నోడ్ కాపలాదారులా కొన్నిటినే వదులుతుంది. ఆ వదిలినవి కూడా సమానమైన ఎడంతో రావు. అందుకే గుండె వేగంగా, తాళం లేకుండా కొట్టుకుంటుంది.

దీనివల్ల రెండు నష్టాలు. కర్ణిక చివర్లో ఇచ్చే తోపుతో జఠరికకు చేరే రక్తం మొత్తంలో 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఏఎఫ్‌లో ఆ తోపు ఉండదు. వయసులో ఉన్నవారికి ఈ లోటు అంతగా తెలియకపోవచ్చు. గుండె కండరం బిరుసెక్కిన పెద్దవాళ్లకు మాత్రం బీపీ పడిపోవడానికి అది చాలు. రెండోది, నిలవున్న రక్తం గడ్డకడుతుంది. ఎడమ కర్ణికకు ఆనుకుని చిన్న సంచిలాంటి భాగం ఒకటుంది. గడ్డలు ఎక్కువగా అక్కడే పుడతాయి. అలాంటి గడ్డ జారి మెదడుకు చేరితే పక్షవాతం.

ఆపరేషన్ తర్వాత గుండె వేగం పెరిగిన ప్రతిసారీ అది ఏఎఫ్ కాదు. ఆ తేడా కాసేపట్లో చూద్దాం. ముందు ఈ రెండు అవయవాల ఇరుగుపొరుగు సంగతి.

## వెన్నెముకకూ గుండెకూ మధ్య ఇరుకు సందు

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే కండరాల గొట్టం. గొంతు దగ్గర మొదలై, వెన్నెముక ముందు నుంచి ఛాతీలోకి దిగి, జీర్ణాశయంలో కలుస్తుంది. దారిలో సరిగ్గా ఎడమ కర్ణిక వెనక నుంచే పోతుంది. మధ్యలో అడ్డుండేది గుండెను చుట్టి ఉండే పల్చటి పెరికార్డియం పొర మాత్రమే.

ఈ దగ్గరితనం గుండె డాక్టర్లకు బాగా తెలుసు. కర్ణికలో గడ్డ ఉందేమో స్పష్టంగా చూడాలంటే వాళ్లు ఛాతీ మీద నుంచి కాకుండా, నోట్లోంచి అన్నవాహికలోకి ఎకో గొట్టం దింపి చూస్తారు. ఏఎఫ్‌ను నయం చేయడానికి కర్ణికలో వేడితో చేసే అబ్లేషన్‌లో, వెనకున్న అన్నవాహిక కాలిపోతుందేమోనన్న భయంతో దాని లోపల థర్మామీటర్ లాంటి తీగ పెట్టి ఉష్ణోగ్రత చూస్తుంటారు. గుండెకు వైద్యం చేస్తే అన్నవాహికకు గండం, అన్నవాహికకు వైద్యం చేస్తే గుండెకు గండం. పొరుగుతనం అంత దగ్గరది.

ఇక ఆపరేషన్. అన్నవాహికలో జబ్బున్న భాగాన్ని తీసేయడాన్ని ఎసోఫెజెక్టమీ అంటారు. ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఒకటి 1946లో ఐవర్ లూయిస్ వివరించినది. ముందు పొట్టలోంచి జీర్ణాశయాన్ని విడదీసి గొట్టంలా మలుస్తారు. తర్వాత కుడివైపు ఛాతీలోంచి వెళ్లి అన్నవాహికను తీసేసి, ఆ గొట్టాన్ని పైకి లాగి మిగిలిన ముక్కకు అతుకుతారు. మెడలో అతికే మూడంచెల పద్ధతి మరొకటి. ఛాతీ తెరవకుండా, పొట్టలోంచీ మెడలోంచీ అన్నవాహికను విడదీసే పద్ధతి ఇంకొకటి ఉంది. ఇందులో సర్జన్ చెయ్యి గుండె వెనక్కి వెళుతుంది. చెయ్యి లోపలున్నంతసేపూ గుండె నొక్కుకుపోతుంది. బీపీ పడిపోవడం, లయ తప్పడం అప్పటికప్పుడే మానిటర్ మీద కనిపిస్తాయి. అందుకే సర్జన్, అనస్తీషియా డాక్టర్ ఒకరికొకరు చెప్పుకుంటూ పని చేస్తారు. బీపీ మరీ దిగితే చెయ్యి బయటికి తీసి గుండె కోలుకునేదాకా ఆగుతారు.

ఏ పద్ధతిలో చేసినా పెరికార్డియం దగ్గర కత్తి ఆడక తప్పదు. పైగా ఆపరేషన్ అయ్యాక పొరుగిల్లు ఖాళీగా ఉండదు. అన్నవాహిక ఉన్నచోటికి జీర్ణాశయంతో చేసిన గొట్టం వచ్చి చేరుతుంది. అందులో గాలి, ద్రవం నిండి ఉబ్బితే ముందున్న కర్ణిక మీద ఒత్తిడి పడుతుంది. ముక్కులోంచి వేసే సన్నటి ట్యూబుతో దాన్ని ఖాళీ చేస్తుండటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

## రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్యే ఎందుకు

ఒరిపిడే కారణమైతే గుండె ఆపరేషన్ బల్ల మీదే లయ తప్పాలి. కొందరిలో అలా జరుగుతుంది కూడా. కానీ ఏఎఫ్ ఎక్కువగా బయటపడేది ఆపరేషన్ తర్వాత రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు. అంటే తగిలిన దెబ్బ కన్నా, దెబ్బకు ఒళ్లు స్పందించే తీరు ముఖ్యమన్నమాట.

నిప్పు అంటుకోవాలంటే ఎండుగడ్డి ఉండాలి, రవ్వ పడాలి. గడ్డి ముందు నుంచీ ఉంటుంది: వయసుతో కర్ణిక గోడల్లో పేరుకున్న మచ్చ కణజాలం, ఏళ్ల తరబడి బీపీతో సాగిన కర్ణిక. రవ్వలు ఆపరేషన్ తర్వాత ఒక్కొక్కటే వచ్చి పడతాయి.

నొప్పి, ఒత్తిడి వల్ల అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగాన్ని అదుపులో ఉంచే వేగస్ నరం అన్నవాహికను అంటిపెట్టుకునే కిందికి దిగుతుంది కాబట్టి, దాని కొమ్మలు ఆపరేషన్‌లో తెగుతాయి. వాపు ప్రక్రియ రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరుతుంది. రక్తంలో దాన్ని కొలిచే సీఆర్‌పీ కూడా ఇంచుమించు అప్పుడే శిఖరాన ఉంటుంది. ఆపరేషన్ రోజు ఎక్కించిన సెలైన్‌లో కొంత కణజాలాల్లోకి ఊరి ఉంటుంది. రెండో, మూడో రోజుకు అది తిరిగి రక్తనాళాల్లోకి వస్తుంది, కర్ణికలు సాగుతాయి. ఒక పక్క ఊపిరితిత్తిని ఆపరేషన్ సమయంలో గంటల తరబడి ముడిచి ఉంచడం వల్ల, కఫం పేరుకోవడం వల్ల ఆక్సిజన్ తగ్గవచ్చు. పొటాషియం, మెగ్నీషియం పడిపోవచ్చు. వీటిలో ఏ ఒక్కటో ఏఎఫ్ తెచ్చిందని వేలుపెట్టి చూపడం చాలాసార్లు కుదరదు.

చాలామందికి తట్టని రవ్వ ఇంకొకటి ఉంది: ఆగిపోయిన మాత్ర. మన 68 ఏళ్ల రోగి బీపీకి ఏళ్లుగా బీటా బ్లాకర్ వాడుతున్నారనుకుందాం. ఆపరేషన్ తర్వాత నోటితో ఏమీ మింగకూడదు. ఆహారం చిన్నపేగులోకి వేసిన ట్యూబు ద్వారా వెళుతుంది. ఆయన వాడేది రోజంతా నెమ్మదిగా కరిగే రకం మాత్ర. దాన్ని నలిపి ట్యూబులో వేస్తే మందంతా ఒక్కసారే రక్తంలో కలుస్తుంది కాబట్టి అలా వేయకూడదు. దానికి బదులు మామూలు రకం మాత్రో, ఇంజెక్షనో రాయాలన్న సంగతి ఆపరేషన్ హడావుడిలో రెండు రోజులు మరుగున పడిందా, గుండె మీద ఉన్న పగ్గం సరిగ్గా అడ్రినలిన్ పెరిగిన సమయంలోనే వదిలేసినట్టవుతుంది. బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆపితే గుండె వేగం ఎదురుతిరిగి పెరుగుతుంది. అందుకే 2014లో ఛాతీ ఆపరేషన్ల కోసం అమెరికన్ అసోసియేషన్ ఫర్ థొరాసిక్ సర్జరీ ఇచ్చిన మార్గదర్శకాలు, ముందు నుంచీ ఈ మందు వాడేవారికి ఆపరేషన్ తర్వాత కూడా ఆపకూడదని గట్టిగా చెప్పాయి.

## వందలో ఎంతమందికి

14 దేశాల్లోని 24 ఆసుపత్రులు ఒకే నిర్వచనాలతో లెక్కగట్టిన 2,704 ఎసోఫెజెక్టమీల్లో 14.5 శాతం మందికి చికిత్స అవసరమైన కర్ణిక లయ సమస్య వచ్చింది. న్యుమోనియా 14.6 శాతం మందికి, అతుకు దగ్గర లీకు 11.4 శాతం మందికి. అంటే ఈ ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కుల్లో లయ తప్పడం దాదాపు మొదటి వరసలోనే ఉంది.

వేరేచోట్ల 10 అని ఒకరు, 30 అని ఒకరు రాస్తే కంగారు పడాల్సిన పని లేదు. చికిత్స అవసరమైన ఏఎఫ్‌నే లెక్కించేవాళ్లు కొందరు. రోజంతా మానిటర్ పెట్టి, పది నిమిషాలు వచ్చి పోయినదాన్ని కూడా లెక్కించేవాళ్లు కొందరు. వల కన్నాలు ఎంత చిన్నవైతే అన్ని చేపలు పడతాయి.

ముప్పు పెంచేవాటిలో అందరూ ఒప్పుకునేది వయసు. ఆ తర్వాత గతంలో వచ్చిన ఏఎఫ్, బీపీ, గుండె రక్తనాళాల జబ్బు, పొగతాగడంతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే కీమో, రేడియేషన్ విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. రేడియేషన్ కిరణాలు కర్ణిక మీదుగానే పోతాయి కాబట్టి ముప్పు పెరగాలని తర్కం చెబుతుంది. కొన్ని అధ్యయనాల్లో అలాగే కనబడింది, కొన్నిటిలో తేడా కనబడలేదు.

చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ మీద కూడా ఇలాంటి ఆశే ఉంది. 2012లో వచ్చిన టైమ్ ట్రయల్‌లో 115 మందిని రెండు గుంపులు చేసి చూస్తే, మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తెరిచి చేసినవారిలో 29 శాతం, రంధ్రాలతో చేసినవారిలో 9 శాతం. నొప్పి తక్కువ, న్యుమోనియా తక్కువ. మరి ఏఎఫ్ కూడా అంతే తగ్గాలి కదా? తగ్గిందన్న అధ్యయనాలు ఉన్నాయి, తగ్గలేదన్నవీ ఉన్నాయి. చర్మం మీద గాయం చిన్నదైనంత మాత్రాన కర్ణిక వెనక చేసే పని చిన్నదైపోదని రెండో పక్షం గుర్తుచేస్తుంది.

## మానిటర్ మీది అంకె చాలదు, కాగితం మీది గీత కావాలి

గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటోందంటే నొప్పి కావచ్చు, జ్వరం కావచ్చు, లోపల రక్తం పోతుండవచ్చు, ఏఎఫ్ కావచ్చు. ఒక్కోదానికీ వైద్యం వేరు. రక్తం పోవడం వల్ల వేగం పెరిగినప్పుడు, ఆ వేగమే బీపీని నిలబెడుతూ ఉంటుంది. అది ఏఎఫ్ అనుకుని వేగం తగ్గించే మందిస్తే కుప్పకూలవచ్చు. కాబట్టి ఈసీజీ కావాలి.

మన రోగి ఈసీజీ కాగితాన్నే తీసుకుందాం. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. ఒక పెద్ద గడి అంటే 0.2 సెకన్లు. 30 పెద్ద గడులు ఆరు సెకన్లు. ఆ ముప్పై గడుల్లో 14 పొడవాటి గీతలు ఉన్నాయి. పదితో గుణిస్తే నిమిషానికి 140. ఇప్పుడు గీతకూ గీతకూ మధ్య ఎడం చూడాలి. ఒకచోట రెండు గడులు, తర్వాత ఒకటిన్నర, తర్వాత మూడు, మళ్లీ రెండు. ఏ క్రమమూ లేదు. ప్రతి పొడవాటి గీతకు ముందు ఉండాల్సిన చిన్న గుట్ట, పీ వేవ్, ఎక్కడా లేదు. కర్ణిక ముడుచుకున్నప్పుడు పడే గుర్తు అది. బదులుగా అడుగు గీత సన్నగా వణుకుతోంది. ఇది ఏఎఫ్.

అదే సైనస్ టాకికార్డియా అయితే, అంటే మామూలు లయే వేగం పుంజుకుంటే, ఎడాలు సమానంగా ఉంటాయి, పీ వేవ్ కనబడుతుంది. అంకె కూడా 95, 104, 112, 118 అంటూ మెట్లెక్కినట్టు పెరుగుతుంది. ఏఎఫ్ అలా మెట్లెక్కదు, గెంతుతుంది. ఇంకో రకం ఏట్రియల్ ఫ్లట్టర్. అందులో కర్ణిక నిమిషానికి సుమారు 300 సార్లు క్రమంగానే తిరుగుతుంది, ఏవీ నోడ్ రెండింటికి ఒకటి వదులుతుంది. మానిటర్ మీద అంకె 150 దగ్గర అటూ ఇటూ కదలకుండా గంటల తరబడి ఉండిపోతే అనుభవమున్న నర్సుకు మొదట వచ్చే అనుమానం ఇదే.

## కబురు తెచ్చిందా, కీడు చేసిందా

అసలు చిక్కుముడి ఇక్కడుంది. ఏఎఫ్ వచ్చినవారిలో న్యుమోనియా, అతుకు లీకు, మరణం, ఆసుపత్రిలో ఎక్కువ రోజులుండటం, ఇవన్నీ ఎక్కువని చాలా అధ్యయనాలు చూపాయి. ఏది ముందు, ఏది వెనక?

ఏఎఫ్ కబురు మోసుకొచ్చేదేనని ఒక వాదన. అతుకు దగ్గర చిన్న లీకు మొదలైతే, అక్కడి ఇన్ఫెక్షన్ పక్కనే ఉన్న కర్ణికను రెచ్చగొడుతుంది. లీకు జ్వరంగానో, డ్రెయిన్‌లో మురికిగానో బయటపడటానికి ఇంకా రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఈలోగా గుండె ముందే చెప్పేసింది. ఎదుటి వాదన ఏఎఫ్ కూడా కీడు చేయగలదంటుంది. పైకి లాగిన జీర్ణాశయ గొట్టానికి రక్తం ప్రధానంగా ఒకే ధమని మీద ఆధారపడి వస్తుంది. గొట్టం కొస, అంటే సరిగ్గా అతుకు వేసే చోటు, ఆ సరఫరాకు చిట్టచివర ఉంటుంది. ఏఎఫ్‌తో బీపీ పడిపోతే ముందు ఎండిపోయేది ఆ కొసే. మూడో వాదన రెండింటికీ మూలం ఒకటే అంటుంది: పెద్ద వయసు, గట్టిబారిన రక్తనాళాలు, బలహీనమైన ఊపిరితిత్తులు ఉన్నవారికి ఏఎఫ్ కూడా వస్తుంది, లీకూ వస్తుంది. ఇలాంటివన్నీ సరిచేసి లెక్కగట్టిన కొన్ని అధ్యయనాల్లో లీకుకూ ఏఎఫ్‌కూ ఉన్న సంబంధం పల్చబడింది. మరికొన్నిటిలో నిలిచింది.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. 100 మందికి ఆపరేషన్ అయింది. 20 మందికి ఏఎఫ్ వచ్చింది, వాళ్లలో ఐదుగురికి లీకు. మిగతా 80 మందిలో ఆరుగురికి లీకు. శాతాల్లో చూస్తే ఒకవైపు 25, ఇంకోవైపు 7.5. మూడు రెట్లకు పైనే తేడా. 'ఏఎఫ్ వస్తే లీకు ముప్పు మూడింతలు' అని రాసేయొచ్చు, అబద్ధం కాదు. అదే పట్టికను అటు తిప్పి చదివితే, ఏఎఫ్ వచ్చిన 20 మందిలో 15 మందికి లీకు లేదు. లీకైన 11 మందిలో ఆరుగురికి ఏఎఫ్ రానే లేదు. అంటే ఏఎఫ్ వచ్చిందని లీకు ఖాయం కాదు, రాలేదని నిశ్చింతా కాదు.

ఐసీయూలో జరిగే వాదులాటకు మూలం ఈ పట్టికే. ఏఎఫ్ రాగానే సీటీ తీయాలనేవాళ్లు ఆ మొదటి ఐదుగురిని చూస్తున్నారు. లీకును ఒక రోజు ముందు పట్టుకోవడమంటే ప్రాణం నిలబెట్టడమే కావచ్చు. అక్కర్లేదనేవాళ్లు ఆ పదిహేను మందిని చూస్తున్నారు. కొత్తగా ఆపరేషన్ అయిన మనిషిని స్కానింగ్ గదికి తరలించడం చిన్న పని కాదు, తొలి రోజుల సీటీ లీకును తప్పిపోయి తప్పుడు ధైర్యం ఇవ్వనూవచ్చు. చాలాచోట్ల మధ్యేమార్గం నడుస్తుంది. రెండో రోజు వచ్చి, జ్వరం లేక, సీఆర్‌పీ దిగుతూ, ఆక్సిజన్ బాగుంటే ఒక రకంగా చూస్తారు. ఆరో రోజున, తగ్గిన సీఆర్‌పీ మళ్లీ పెరుగుతుండగా వచ్చిన ఏఎఫ్‌ను ఇంకో రకంగా చూస్తారు. నాకు ఈ రెండో రకం ఏఎఫే అసలు భయపెట్టేదిగా కనిపిస్తుంది. అప్పటికి ఆపరేషన్ వేడి చల్లారి ఉండాలి. ఇంకా రవ్వలు రేగుతున్నాయంటే ఎక్కడో కొత్త మంట ఉన్నట్టే.

## వేగం తగ్గించడమా, లయ తెప్పించడమా

బీపీ పడిపోయి స్పృహ తగ్గుతుంటే చర్చకు తావు లేదు. మత్తిచ్చి, గుండె కొట్టుకునే క్షణానికి జతచేసి కరెంటు షాక్ ఇస్తారు. ఇలాంటివాళ్లు కొద్దిమందే.

మిగతావారిలో ముందు రవ్వల వేట: నొప్పి, ఆక్సిజన్, పొటాషియం, మెగ్నీషియం, ఆగిపోయిన మాత్ర, ఉబ్బిన గొట్టం. దాంతోపాటు మందు. వేగాన్ని మాత్రమే అదుపు చేయాలంటే మెటోప్రొలాల్, ఎస్మొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, లేదా డిల్టియాజెమ్. లయనే వెనక్కి తేవాలంటే ఎక్కువగా అమియోడరోన్. రెండింటిలో ఏది మేలు? గుండె ఆపరేషన్ల తర్వాత వచ్చిన ఏఎఫ్ మీద 523 మందితో చేసిన ట్రయల్ 2016లో వచ్చింది. 60 రోజుల్లో ఆసుపత్రిలో గడిపిన రోజులు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఐదే. అన్నవాహిక ఆపరేషన్లకు ఇది అప్పు తెచ్చుకున్న సాక్ష్యమే అనుకోండి. అయినా దీన్నిబట్టి చాలామంది డాక్టర్లు, రోగి స్థిరంగా ఉంటే వేగంతోనే మొదలుపెడతారు. రవ్వలు ఆరితే ఎక్కువమందికి ఒకటి రెండు రోజుల్లో లయ దానంతటదే తిరిగొస్తుంది.

## ముందే అడ్డుకోవచ్చా

2010లో వచ్చిన ఒక ట్రయల్‌లో ఛాతీ ద్వారా ఎసోఫెజెక్టమీ చేయించుకున్న 80 మందిలో సగం మందికి అమియోడరోన్‌ను 96 గంటలు ఎక్కించారు. చికిత్స అవసరమైన ఏఎఫ్ వాళ్లలో 15 శాతం, మందు ఇవ్వనివారిలో 40 శాతం. తేడా పెద్దదే. కానీ ఆసుపత్రిలో ఉండే రోజులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అమియోడరోన్‌కు ఊపిరితిత్తులను దెబ్బతీసే గుణం కూడా ఉంది. ఊపిరితిత్తి తీసివేత ఆపరేషన్ల మీద అంతకుముందు జరిగిన ఒక ట్రయల్‌ను, ఈ మందు ఇచ్చినవారిలో తీవ్రమైన ఊపిరితిత్తుల సమస్య కనబడటంతో మధ్యలోనే ఆపేశారు.

జపాన్‌లో ల్యాండియొలాల్ అనే బీటా బ్లాకర్‌ను ప్రయత్నించారు. రక్తంలో దాని బలం నాలుగు నిమిషాల్లో సగానికి పడిపోతుంది కాబట్టి, బీపీ తగ్గితే డ్రిప్ ఆపేస్తే సరిపోతుంది. 2017లో వచ్చిన ట్రయల్‌లో 100 మందిలో ఏఎఫ్ 30 శాతం నుంచి 10 శాతానికి తగ్గింది. మొత్తం చిక్కులు కూడా 60 నుంచి 40 శాతానికి తగ్గాయి. ఏఎఫ్ కబురు మాత్రమే అనేవాళ్లకు ఈ రెండో అంకె మింగుడుపడదు. కబురు ఆపితే మంట ఎలా తగ్గింది? మందు వాపును కూడా తగ్గించి ఉండొచ్చన్నది ఒక సమాధానం. వంద మంది ట్రయల్ మీద అంత బరువు పెట్టలేమన్నది ఇంకో సమాధానం.

వాపే మూలమైతే వాపు తగ్గించే మందు పని చేయాలి. కోల్చిసిన్‌తో అదే పరీక్షించారు. ఊపిరితిత్తుల ఆపరేషన్లు ఎక్కువగా ఉన్న ఆ ట్రయల్‌లో 11 దేశాల నుంచి 3,209 మంది. 2023లో ఫలితం వచ్చింది: ఏఎఫ్ మందు వాడినవారిలో 6.4 శాతం, వాడనివారిలో 7.5 శాతం. గణాంకపరంగా అది తేడానే కాదు. విరేచనాలు మాత్రం కచ్చితంగా పెరిగాయి. పొటాషియంను 4.5 దగ్గర నిలబెట్టాలన్న పాత అలవాటుకు కూడా 2024లో దెబ్బ తగిలింది. బైపాస్ చేయించుకున్న 1,690 మందిలో, 3.6 కన్నా తగ్గితేనే పొటాషియం ఇచ్చినా ఏఎఫ్ పెరగలేదు.

అందుకే అందరికీ ముందే మందు పోయడం ఎక్కడా నియమంగా మారలేదు. ముప్పు ఎక్కువున్నవారి విషయంలో ఆలోచించవచ్చు అన్నంతవరకే మార్గదర్శకాలు వెళ్లాయి.

## రక్తం పలచబరిచే మందు: రెండు భయాల మధ్య

గడ్డకట్టే ముప్పును అంచనా వేయడానికి చాడ్స్-వాస్క్ అనే స్కోరు వాడతారు. మన రోగికి 68 ఏళ్లు, ఒక పాయింటు. బీపీ, ఒకటి. షుగర్ కూడా ఉందనుకుంటే ఇంకొకటి. మొత్తం మూడు. మామూలుగా వచ్చిన ఏఎఫ్ అయితే ఈ స్కోరుకు రక్తం పలచబరిచే మందు రాసేస్తారు. క్యాన్సర్ రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుందని తెలిసినా, ఈ స్కోరులో దానికి పాయింటు లేదు.

ఇటు చూస్తే ఛాతీలో పచ్చి గాయం, కొత్త అతుకు, బహుశా నొప్పి కోసం వెన్నులో ఎపిడ్యూరల్ తీగ. ఆ తీగ ఉండగా మందిచ్చి అక్కడ రక్తస్రావమైతే కాళ్లు పడిపోవచ్చు. సాధారణంగా 48 గంటలను ఒక హద్దుగా పెట్టుకుంటారు. అంతకుముందే లయ తిరిగొస్తే ఆగి చూస్తారు. దాటితే, రక్తస్రావం భయం ఎంతుందో తూచి నిర్ణయిస్తారు.

ఇది కొద్ది రోజుల సమస్యే కదా, తర్వాత మందెందుకు అన్నది పాత ఆలోచన. 2014లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో ఆపరేషన్ల కోసం చేరిన 17 లక్షలకు పైగా రోగుల రికార్డులు చూశారు. గుండెకు సంబంధం లేని ఆపరేషన్ల తర్వాత ఏఎఫ్ వచ్చినవారిలో ఏడాదిలోగా పక్షవాతం 1.47 శాతం, రానివారిలో 0.36 శాతం. వయసు, ఇతర జబ్బులు సరిచేశాక కూడా ముప్పు రెట్టింపు. కానీ ఇది రికార్డుల లెక్క. మందు వాడితే ఆ ముప్పు తగ్గుతుందని ఇది నిరూపించదు. ఏడాదంతా మందు వాడితే పెరిగే రక్తస్రావాన్ని కూడా అదే తక్కెడలో వేయాలి.

## వచ్చి పోయిన ఏఎఫ్ మళ్లీ వస్తుందా

ఆపరేషన్ లేదా తీవ్ర జబ్బు కోసం ఆసుపత్రిలో చేరినప్పుడు తొలిసారి ఏఎఫ్ వచ్చి, మామూలు లయతో ఇంటికెళ్లిన 139 మందిని ఒక అధ్యయనం వెంబడించింది. ఒకటో నెలలో, ఆరో నెలలో 14 రోజుల చొప్పున ఛాతీకి ఈసీజీ ప్యాచ్ అతికించి చూశారు. ఏడాదిలో మూడో వంతు మందికి, 33 శాతానికి, ఏఎఫ్ మళ్లీ కనబడింది. వాళ్లతో జతపరిచి చూసిన, ఏఎఫ్ రానివారిలో అది 5 శాతమే. చాలామందికి గుండెదడ కూడా తెలియకుండానే వచ్చి పోతుంటుంది. రవ్వలు ఆసుపత్రివే అయినా ఎండుగడ్డి రోగితోపాటు ఇంటికెళ్లిందన్నమాట.

ఎసోఫెజెక్టమీ తర్వాత ఇంటికెళ్లే మనిషి చేతిలో ఉండే డిశ్చార్జ్ సమ్మరీలో ఎక్కువ చోటు క్యాన్సర్ దశకు, ట్యూబు ఆహారానికి, తర్వాతి కీమోకు పోతుంది. ఏఎఫ్‌కు దక్కేది తరచూ ఒక్క లైను. అమియోడరోన్ మొదలుపెట్టి ఉంటే అది ఎప్పుడు ఆపాలో ఆ లైనులో లేకపోతే, కొన్ని వారాలకని ఇచ్చిన మందు నెలల తరబడి నడుస్తుంది, థైరాయిడ్ మీదా ఊపిరితిత్తుల మీదా పని చేస్తూ. ఆరు నెలల తర్వాత గుండె డాక్టర్ అడిగే మొదటి రెండు ప్రశ్నలు సాధారణంగా ఇవే: అది ఏ రోజు వచ్చింది, ఎన్ని గంటలు ఉంది?